హెస్టియా పొయ్యి

కిరీటం ఇంకా వేడెక్కలేదు. జ్ఞాపకాలను లాగే ఆ పట్టీని హిమజ నుదుటి మీద సరిచేసుకుని, వెలుగుకుంచెను పలక మీద ఆనించి, హెస్టియా దేవత మోకాళ్ల మీద పడిన వస్త్రపు మడతలను ఒక్కొక్కటే సవరిస్తోంది. ముఖం ఇంకా వేయలేదు. ఈ కార్ఖానాలో ముఖం చివర వేస్తారు. కిరీటం వేడెక్కకముందు వేసినవి ఒట్టి గీతలు, వాటిని ఏ యంత్రమైనా వేస్తుంది. వేడెక్కాక వేసే గీతల్లోకి మాత్రం మనిషి దిగుతాడు. లోకం కొనుక్కునేది ఆ గీతల్నే.

కిటికీ అవతల కింది విశాఖ నీళ్లలో నిలబడి ఉంది. ఒకప్పుడు బస్సులు తిరిగిన కూడళ్ల మీదుగా మరపడవలు పోతున్నాయి. కార్ఖానా ఉన్న పాత ఓడల మరమ్మతు భవనంలో కింది అంతస్తులు సముద్రానివి, పై రెండూ దేవతలవి.

గోడ పొడవునా పన్నెండుగురు గ్రీకు దేవతల కార్డులు వెలుగుతున్నాయి. దేవతల తండ్రి జ్యూస్ చేతిలోని పిడుగు కదలదు గాని, చూసినవాడి వీపు మీద మాత్రం తండ్రి చేతి దెబ్బ చురుక్కుమంటుంది. ఎవరో చిత్రకారుడు తన చిన్నతనాన్ని అందులో పోశాడు. దేవదూత హెర్మెస్ కార్డు పట్టుకుంటే కాళ్లలో పరుగు పుడుతుంది. పంటల తల్లి డిమీటర్ దగ్గర నిలబడితే నెత్తిన ఎవరో నూనె పెడుతున్నట్టుంటుంది. ఆ నూనె హిమజ తల్లి పెట్టినది.

లోకంలో చెల్లే నాణెం విలువ ఈ కార్డుల మీద నిలబడి ఉంది. బొమ్మనైనా గొంతునైనా సంతకాన్నైనా యంత్రం చిటికెలో నకలు తీయడం నేర్చాక, నకలు తీయలేనిది ఒక్కటే మిగిలింది, ఒకే ఒక్క మనిషి లోపల ఉన్న జ్ఞాపకం. దాన్ని ఏకస్మృతి అన్నారు. ప్రతి మనిషి చెవిపూసలోనూ కూర్చుని మనసు చదివే యంత్రసాక్షులు లోకమంతా గాలించి, అలాంటిది మరెక్కడా లేదని తేల్చుకుని, "ఒక్కటే" అంటారు. అప్పుడు కార్డు నాణేల లెక్కలు నిలిచే గొలుసులోకి ఎక్కుతుంది, దాని వెనక నాణేలు పుడతాయి. ఇచ్చినవాడు జ్ఞాపకాన్ని పూర్తిగా మరిచిపోడు. దాని రుచి మాత్రం పోతుంది. అమ్మ తలకు నూనె పెట్టేదని హిమజకు ఇప్పటికీ తెలుసు. ఎండాకాలం వాన పడదని తెలిసినట్టే అదీ తెలుసు.

అలా ఇచ్చి ఇచ్చి, ఆమె దగ్గర రుచి ఉన్న జ్ఞాపకం ఒక్కటే మిగిలింది. దాన్నే ఇవాళ ఇవ్వాలి.

"హిమజమ్మా, మీ జ్ఞాపకాల తూకం చూశాను." వెనక నుంచి కృపావరం గొంతు వినిపించింది. కార్ఖానా మేస్త్రీ అతను. తెల్ల చొక్కా, మెడలో చిన్న శిలువ, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టుండే ముఖం. "లోపల ఇంకా వెచ్చనిది ఒకటుందని కిరీటం చూపిస్తోంది. పొయ్యి, పొగ, ఎవరో చిన్నపిల్లాడు. హెస్టియాకు సరిగ్గా సరిపోతుందమ్మా."

"అది చిన్నదండీ. కార్డుకు చాలదు."

"చాలుతుందో లేదో సాక్షులు చెబుతారు." అతను ముందుకు వచ్చి పలక మీదికి వంగాడు. "నేనేం బలవంతపెట్టడం లేదు. కానీ సాయంత్రం విడుదల. పొయ్యి లేకపోతే ఈ పన్నెండుగురూ నిలబడరు. ఈ కార్ఖానా మూసేసి, దేవతలను దక్షిణాన యంత్రాల ఇంటికి తరలిస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. మీరైతే ఎక్కడైనా బతుకుతారు. ఆయన్ను ఏం చేయమంటారు?"

ఆయన అన్నప్పుడు అతని చూపు పక్క బల్ల వైపు పోయింది. అక్కడ జోగినాయుడు కార్డు అంచు మీద గ్రీకు మెలికను తిప్పుతున్నాడు. చతురస్రాలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తూ, ఎక్కడా తెగకుండా కార్డు చుట్టూ తిరిగి మొదటికే వస్తాయి. ఒకప్పుడు కార్ఖానాలో అందరికన్నా పెద్ద చిత్రకారుడు ఆయనే. ఆరీస్ ఆయనదే, డయొనైసస్ ఆయనదే, అఫ్రొడైటీ కూడా ఆయనదేనంటారు. ఇప్పుడు ఇవ్వడానికి ఆయన లోపల ఏమీ లేదు. పెళ్లయిందో లేదో, పిల్లలున్నారో లేదో కాగితం చూస్తే తప్ప చెప్పలేడు. ఆ కాగితాన్నీ పరాయివాళ్ల కబురులా చదువుకుంటాడు. అంచులు గీయడానికి జ్ఞాపకం అక్కరలేదు గనక ఆయన్ను అంచులకు పెట్టారు. రాత్రిళ్లు ఇక్కడే బల్ల కింద పడుకుంటాడు.

"సాయంత్రానికి ఇస్తానండీ," అంది హిమజ.

కృపావరం తల ఊపి వెళ్లిపోయాడు. కిరీటం మెల్లగా వెచ్చబడసాగింది.

ఎవరూ కోరని దేవత హెస్టియా. దేవతల కొండ ఒలింపస్ మీద పన్నెండు పీటలే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన డయొనైసస్‌కు చోటు లేకపోతే, లేచి తన పీట అతనికిచ్చి, మాట్లాడకుండా వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుంది. యుద్ధాలు లేవు, ప్రేమలు లేవు, శాపాలు లేవు. కార్డులు సేకరించేవాళ్లు ఆమెను అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు నాణెం తూలుతోంటే, నిపుణులు లెక్కలు వేసి, ఇంటికి పొయ్యి లేకపోవడమే లోపమని తేల్చారు. ఉన్న పీట ఇచ్చేసిన ఆమె దగ్గరికే మళ్లీ అడగడానికి వచ్చారు. హిమజ ఆమె భుజాలు గీస్తూ, ఈమె ముఖం తన ముఖంలాగే ఉంటుందనుకుంది. వెంటనే ఆ ఆలోచన నచ్చక కుంచె పక్కన పెట్టింది.

మధ్యాహ్నం అన్నాల గంట మోగింది. కార్ఖానాలో అందరూ గోడవైపు తిరిగి తింటారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. పనిలో చేరిన రోజునే పాతవాళ్లు కొత్తవాళ్లకు చెబుతారు: సొంత సంగతులు ఎత్తకూడదు. నోటి నుంచి జారిన జ్ఞాపకం ఎదుటివాడి మనసులో ఎక్కడైనా అంటుకుంటే సాక్షులు దాన్ని పసిగట్టి "రెండు" అంటారు. రెండైతే చెల్లదు. అందుకని ఇక్కడి మాటలన్నీ అలల గురించి, కూరల గురించి, పడవవాళ్ల మోసాల గురించే. పదేళ్లు పక్కపక్కనే కూర్చున్నవాళ్లు ఒకరి పిల్లల పేర్లు ఒకరికి తెలియకుండా విడిపోతారు. హిమజకు మొదట్లో ఇది హాయిగా ఉండేది. ఎవరూ ఏమీ అడగని చోటు. తరువాత్తరువాత, అడగనివాళ్ల మధ్య ఉండి ఉండి, తన లోపల ఏదైనా ఉందో లేదో తనకే అనుమానం మొదలైంది.

"ఓలమ్మ, ఇదేటి కూర?" జోగినాయుడు గోడతోనే అన్నాడు. "సొరకాయా, సబ్బు ముక్కా?"

"మీరే కదా బాబాయ్, నిన్న ఉప్పు తగ్గించమన్నారు," అంది కూర తెచ్చిన హిమజ.

"ఉప్పు తగ్గించమన్నాను గానీ తల్లీ, కూర తీసెయ్యమన్నానేటి?"

అటు చివర ఎవరో పకపకా నవ్వారు. జోగినాయుడు రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఇందాకట్నించీ ఒకటి అడుగుదామనుకుంటన్నాను. ఆ పొయ్యి సుట్టూ నాను మెలిక తిప్పాలి గదా. నాకు పొయ్యి అంటే ఏటో తెలీదు. బొమ్మల్లో సూసినదే. నువ్వెప్పుడైనా కట్టెల మీద వొండడం సూసినావేటి?"

నవ్వులు ఆగిపోయాయి. అడగకూడనిది అడిగారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ నియమాన్ని కూడా ఆయన ఎప్పుడో ఏదో కార్డులోకి ఇచ్చేసినట్టున్నాడు. హిమజ నోట్లో ముద్ద మింగింది.

"లేదు బాబాయ్," అంది.

అబద్ధం ఆడాక ఆమె గుండె ఎందుకో గట్టిగా కొట్టుకుంది. దొంగతనం చేసినవాళ్లకు కాదు, తమ ఇంట్లో దొంగ పడ్డాడని తెలిసినవాళ్లకు కొట్టుకున్నట్టుగా.

సాయంత్రపు ఎండ బల్లల మీదికి వాలింది. కిరీటం పూర్తిగా వేడెక్కింది. కృపావరం వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హిమజ ముఖం మొదలుపెట్టింది. కళ్లు వంచి నిప్పును చూస్తున్న ఆడమనిషి. జ్ఞాపకం దానంతటదే లేచింది.

ఉప్పెన తగ్గిన మర్నాటి ఉదయం. ఊరంతా నీళ్లు. డాబా మీద ఆమె, తమ్ముడు సోము, ఇద్దరే. అమ్మానాన్నలు సహాయ శిబిరంలో చిక్కుకుపోయారు. సోముకు పన్నెండేళ్లు. మూడు ఇటుకలు పేర్చి, విరిగిన కుర్చీ కాళ్లు పెట్టి, అట్టముక్కతో విసిరి విసిరి నిప్పు రాజేశాడు. తడిసిన రవ్వ సంచి మధ్యలో పొడిగా మిగిలిన గుప్పెడు రవ్వతో ఉప్మా చేశాడు. అడుగు మాడిపోయింది. ఆ మాడు గీకి ఆమె పళ్లెంలో వేసి, "అక్కా, నీకు మాడిందే ఇష్టం కదా," అన్నాడు. ఆమెకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. అయినా తిన్నది. వాడు అలా అనుకుంటూ ఉండాలని తిన్నది. మర్నాడు శిబిరానికి వెళ్లే పడవ తిరగబడింది. సోము ఉన్నాడనడానికి ఒక్క ఫొటో కూడా నీళ్లు మిగల్చలేదు. ఆ ఉదయాన్ని చూసినవాళ్లు ఇద్దరు, మిగిలింది ఒకరు. సాక్షులకు కావలసింది సరిగ్గా అదే.

పలక మీద దేవత ముందున్న ఇటుకల మధ్య ఎర్రటి వెలుగు కదిలింది. కృపావరం ఊపిరి పీల్చుకున్నాడు. "అద్భుతంగా ఉందమ్మా. పొగ వాసన వస్తోంది." అతని కళ్లు తడిశాయి. కార్డులు చూసినప్పుడల్లా అతని కళ్లు తడుస్తాయి. "ఇక మాట చెప్పండి."

మాట మూడుసార్లు చెప్పాలి. హోమాగ్నిలో ఆహుతి వేసేటప్పుడు చెప్పే 'ఇదం న మమ' అన్న మాటే, దాన్నే వ్యవస్థాపకులు తెలుగు చేసి పెట్టారు.

"ఇది నాది కాదు," అంది హిమజ.

సోము చేతిలో అట్టముక్క కదలడం ఆగింది.

"ఇది నాది కాదు."

ఇటుకల వేడి పోయింది. సోము పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినపడటం లేదు. ఇంకొక్కసారి అంటే వాడు ఒక వార్త అవుతాడు. ఉప్పెన తరువాత తమ్ముడు వంట చేశాడు. మర్నాడు చనిపోయాడు. రెండు వాక్యాలు. వాటిని ఆమె చదవగలదు, ఎవరైనా చదవగలరు.

పక్క బల్ల దగ్గర జోగినాయుడు మెలిక ఆపి, ముఖం చిట్లించి, వాసన పట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"బాబాయ్," అంది హిమజ ఆయన వైపు తిరిగి. "మధ్యాహ్నం నేను అబద్ధం చెప్పాను. కట్టెల మీద వండటం చూశాను, మా తమ్ముడు వండాడు."

"హిమజమ్మా!" కృపావరం ముందుకు వంగాడు. "కిరీటం ఇంకా తల మీద ఉంది. చెప్పొద్దు."

ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. ఇటుకలు చెప్పింది, కుర్చీ కాళ్లు చెప్పింది, రవ్వ సంచి మధ్యలో దొరికిన గుప్పెడు రవ్వ చెప్పింది. ఎన్నడూ ఎవరికీ చెప్పని మాటలు గనక వరస తప్పుతున్నాయి. మాడు తన పళ్లెంలోకి వచ్చిన దగ్గరికి చేరింది. అప్పుడు జోగినాయుడు తన బల్ల విడిచి వచ్చి, నేల మీద ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. ఖాళీ ఇంట్లో చిన్న మాట కూడా గోడలన్నీ తిరిగి మోగినట్టు, ఆ కథ ఆయనలో మోగుతోంది. కళ్లు ఎక్కడో ఉన్నాయి.

"మంచోడేనే గుంటడు," అన్నాడు. "గరిటి లేదని పుల్లతో కలియబెట్టినాడు గదా?"

"అవును. నేనది చెప్పానా?"

"సెప్పే ఉంటావులే. కరివేపాకు ఎక్కడ దొరికిందో గానీ వొకటే గుమగుమ."

"కరివేపాకు లేదు బాబాయ్. ఊళ్లో ఆకు అన్నదే లేదు ఆ రోజు."

"ఉన్నాది తల్లీ. నానిక్కడ వాసన పీలుస్తంటే. డాబా గోడకానుకుని కొమ్మొకటి వొంగి లేదేటి? అందులోంచి తుంచినాడు."

హిమజ తన లోపలికి చూసుకుంది. రంగులు తిరిగి వచ్చాయి. సోము విసురుతున్నాడు, నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. వాడి వెనక, డాబా గోడ మీదికి, వానకు కడిగేసిన ఆకులతో ఒక కొమ్మ వంగి ఉంది. అది ముందు లేదు. లేదని ఆమెకు ఖచ్చితంగా తెలుసు. కానీ ఇప్పుడు ఉంది, దాన్ని తీసేయడం ఎలాగో తెలియడం లేదు. ఇన్నేళ్లు ఎవరి చేయీ తగలకుండా దాచుకున్నదాని మీద మరొకరి వేలిముద్ర పడింది.

పలక మినుకుమంది. సాక్షులు "ఒక్కటే" అనలేదు. "రెండు" అని కూడా అనలేదు. కొమ్మ ఉన్న ఉదయం, కొమ్మ లేని ఉదయం, రెంటినీ పోల్చి, కలవవని తేల్చి, వేరు కావనీ తేల్చి, ఏం చేయాలో తెలియక ఆగిపోయారు. కాసేపటికి పలక మీద అక్షరాలు వచ్చాయి. గొలుసు పుట్టినప్పటి నుంచి ఇంతవరకు ఎవరినీ అడగని ప్రశ్న అది.

అసలు ఏది? ఇచ్చువారే చెప్పాలి.

కృపావరం ఒక్క అడుగులో ఆమె పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించి, ఆశతో అన్నాడు: "నాదేనని చెప్పండమ్మా. మీదే అసలు. ఆయనది నకలంటే సాక్షులే దాన్ని చల్లార్చేస్తారు. ఆయనకు నొప్పి కూడా ఉండదు. కార్డు ఎక్కిపోతుంది, కార్ఖానా మిగులుతుంది."

"ఆయనకేం మిగులుతుంది?"

"ఇవాళ పొద్దున ఏముందో అదే." అతను ముఖం తిప్పుకున్నాడు. "పడుకోవడానికి బల్ల కింద చోటు. అది కూడా తక్కువేం కాదమ్మా."

కృపావరం చెప్పింది నిజమేనని హిమజకు తెలుసు. అందుకే భయం వేసింది. ఒక్క మాటతో అందరూ ఎక్కడివాళ్లక్కడ ఉంటారు. సోము తప్ప. జోగినాయుడు ఇదేమీ వినడం లేదు. నేల మీద కూర్చుని, కుడిచేత్తో గాలిలో మెల్లగా విసురుతున్నాడు. అట్టముక్క పట్టుకున్నట్టు వేళ్లు వంచి ఉన్నాయి. సోము వేళ్లు సరిగ్గా అలాగే వంగేవి. అది తను చెప్పలేదు. చెప్పలేదని ఈసారి నిశ్చయంగా తెలుసు.

ఆమె పలక మీదికి వంగింది.

"రెండూ అసలే," అంది.

తరువాత హెస్టియా కింద ఉన్న ప్రశ్న చెరిగి, గోడ మీది డిమీటర్ కింద పైకి తేలింది. అసలు ఏది? ఆ కార్డు కొన్నవాళ్లు దాని దగ్గర నిలబడినప్పుడల్లా ఎవరికో ఒకరికి చెప్పే ఉంటారు, నెత్తిన నూనె, వెచ్చటి చేయి, తమ తమ అమ్మల్ని అందులో కలిపే ఉంటారు. ఇంతవరకు సాక్షులకు వాటిని లెక్కపెట్టాలని తోచలేదు. ఇప్పుడు తోచింది. ప్రశ్న హెర్మెస్ కిందికి పాకింది, జ్యూస్ కిందికి పాకింది. బయట, నీళ్ల మీద, నాణెం చెల్లక ఆగిపోయిన పడవల కొమ్ముబూరలు ఒకటొకటిగా మోగడం మొదలైంది.

కృపావరం పీట లాక్కుని కూలబడ్డాడు. "ఏం చేశారమ్మా," అన్నాడు, తిట్టలేక. అతని చేయి మెడలోని శిలువ దగ్గరికి వెళ్లి, అక్కడ ఏం పట్టుకోవాలో తెలియనట్టు ఆగిపోయింది.

జోగినాయుడు తల ఎత్తాడు. చాలాకాలం తరువాత ఇంటికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"తల్లీ, తిన్నాక ఏటి సేసినారు?" అన్నాడు. "ఆ గుంటడు ఇప్పుడెక్కడున్నాడు? ఏ ఊళ్లో ఉంటన్నాడు? ఓపాలి సూడాలనుందే."

హిమజ కిరీటం తీసి బల్ల మీద పెట్టింది. నుదుటి మీద అది పెట్టిన గీత చల్లబడుతోంది. నేల మీదికి దిగి ఆయన పక్కన కూర్చుంది. మర్నాటి పడవ గురించి, చిన్న గొంతుతో, తడబడుతూ చెప్పింది. ఆమె దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, పైకి అనుకోనూ లేదు. ఆయన మొదట నమ్మలేదు. తరువాత నోరు తెరిచి, శబ్దం రాకుండా, ఆపైన శబ్దంతో, కడుపున పుట్టినవాణ్ని పోగొట్టుకున్న తండ్రిలా ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆమె చూస్తూ కూర్చుంది. ఆ ఏడుపు తనది. ఇన్నేళ్లూ తను ఏడవలేకపోయినది. మొదట ఆయన మీద ఈర్ష్య కలిగింది. అది ఎంత పదునుగా ఉందంటే, లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు. చేయి చాపి ఆయన వీపు మీద వేసింది. ఆ కుదుపులు ఆమె అరచేతిలోకి ఎక్కి, మోచేతి దాకా వచ్చి, ఇంకా పైకి వస్తున్నాయి.